మాపటి వంతు

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. పైన ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టగానే మహాదేవమ్మ చేతిలో చేట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, పడసాలలో కంప్యూటర్ ముందుకు వచ్చి కూర్చుంది. కంప్యూటర్ బొత్తాం నొక్కింది, తెర మీద వెలుతురు వచ్చేదాకా ఆగింది, అప్పుడు పక్కన స్టూలు మీదున్న ప్రింటర్ బొత్తాం నొక్కి, దాని మీద కప్పిన చీరముక్క మడిచి ఒళ్లో పెట్టుకుంది. ముందు ఇది, తర్వాత అది. కూతురు భువన నేర్పిన ఆ వరస ఆమె ఎప్పుడూ తప్పలేదు. ప్రింటర్‌కు పొద్దుటి వంతు తమది, మాపటి వంతు మరిది వాళ్లది. మరిది వీరభద్ర, అతని పెళ్లాం శివకుమారి గోడ అవతల ఉంటారు. ఆ గోడ ఈ పడసాల మధ్యలోనే ఉంది, పోయిన దసరా తర్వాత లేచింది. ప్రింటర్ ఇవతల ఉండిపోయింది కాబట్టి అవతలి వాళ్ల కాగితాలు ఇవతల అచ్చవుతాయి. మహాదేవమ్మ వాటిని గోడలో వదిలిన ఇటుకంత కన్నంలోంచి అందిస్తుంది, అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంటుంది. అది శివకుమారి చెయ్యి. గోడ లేచినప్పటి నుంచీ తోడికోడలిలో మహాదేవమ్మకు కనిపించేది ఆ చెయ్యి ఒక్కటే. ఇవాళ్టితో అదీ ఉండదు. వీరభద్ర కొత్త ప్రింటర్ కొనడానికి కర్నూలు పోయాడు, సాయంత్రం బస్సుకు తెస్తాడు.

ఆ సంగతి మధ్యాహ్నం భువన కడప నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆ పిల్ల అక్కడేదో ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది, రెండిళ్లతోనూ మాట్లాడుతుంది. పెద్దల పంతాలు పిల్లలకు వర్తించవని ఎవరూ చెప్పలేదు, తనంతట తనే చట్టం చేసేసుకుంది. చిన్నాయన తెచ్చేది వైరు లేకుండా పనిచేసే రకమట, ఏ కంప్యూటర్ ఆన్‌లో ఉన్నా లేకున్నా దానికి పట్టదట, ఫోన్ నుంచి కూడా దాన్ని అడగొచ్చట. ఇంక నీకు పీడ వదిలిందమ్మా, దినామూ దాని ముందర కూచునే పని తప్పింది, అంది సంతోషంగా. మహాదేవమ్మ ఊఁ అంది. పీడ అన్నమాట తన నోటి నుంచి నేర్చుకున్నదే అయ్యుంటుంది. నడుము పట్టేసిన రోజున అనుంటుంది, ఇక్కడ కూర్చుని అక్కడ పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్న రోజున అనుంటుంది. మనిషి విసుగులో అన్నవన్నీ దేవుడు పట్టించుకుంటే ఈపాటికి కోడుమూరులో ఒక్క కొంపా నిలిచి ఉండేది కాదు. ఆయన మామూలుగా పట్టించుకోడు, మరి ఈ ఒక్కటీ ఎందుకు పట్టించుకున్నాడో. ఫోన్ పెట్టేశాక చేటలో కొర్రలు పోసుకుని కూర్చుంది కానీ రాళ్లు ఏరుతోందో కొర్రలు ఏరుతోందో ఆమెకే తెలియలేదు.

తెర నల్లబడబోయింది. మహాదేవమ్మ మౌస్‌ను కాస్త కదిపింది, వెలుతురు తిరిగొచ్చింది. ఈ ఇంటి ఉమ్మడి వ్యవహారంలో ఆమె వాటా పని ఇదే, కంప్యూటర్ నిద్రపోకుండా చూడడం. అది నిద్రపోతే అవతలి నుంచి బయల్దేరిన కాగితం దారిలోనే ఆగిపోతుంది. నిద్రపోకుండా చేసే ఏర్పాటు అందులోనే ఏదో ఉందని, చేసిపెట్టి పోతానని భువన ఉద్యోగానికి పోయేముందు అంది, బస్సు తొందరలో మరిచిపోయింది. తర్వాత రెండుసార్లు ఇంటికొచ్చింది. మహాదేవమ్మ గుర్తు చేయలేదు. ఎందుకు చేయలేదంటే, ఆ ఏర్పాటేదో అయిపోతే ఇక్కడ కూర్చోవడానికి ఆమెకు సాకు ఉండదు. అది తనకు తానే ఒప్పుకోవడానికి కూడా ఇన్నాళ్లు పట్టింది. కన్నం వైపు చూసింది. నీలం వైరు ఒకటి అందులోంచి పోతోంది, దాని పైన అవతలి పడసాల వెలుతురు ఇంత కనిపిస్తోంది. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. శివకుమారి ఉంది, తన కంప్యూటర్ ముందు కూర్చునే ఉంది. కూర్చుంటే కూర్చుంది, కాగితం ఏది?

ఇంట్లోని మూడు కంప్యూటర్లనూ కలిపినప్పుడు గోడ లేదు. భువన చదువుకు ఈ పెద్ద కంప్యూటర్, శివకుమారి డిజైన్లు గీయడం నేర్చుకున్నాక ఆమెకొకటి, ఫోన్లో వచ్చే బేరాలు చూసుకోవడానికి వీరభద్రకు ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. కంప్యూటర్లు మూడు, ప్రింటర్ ఒక్కటి. మొదట్లో దాన్ని చంటిపిల్లలాగా చంకనేసుకుని ఆ గదికీ ఈ గదికీ తిరిగేవాళ్లు. వైరు పీకడం, వైరు గుచ్చడం, నా పని కాలేదంటే నా పని కాలేదని కీచులాడుకోవడం. ఒకసారి వీరభద్ర దాన్ని మోసుకుపోతూ గడప తట్టుకుని పడ్డాడు, మోచేతులు గీరుకుపోయినా ప్రింటర్‌ను మాత్రం కింద పడనివ్వలేదు. అప్పుడు భువన ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని అన్నింటినీ కలిపింది. శివకుమారి లోపలి గదిలో ఏదో నొక్కింది, పడసాలలో ప్రింటర్ తనంతట తానే గరగరమని కాగితం బయటికి నెట్టింది. అత్త తిమ్మమ్మ అప్పటికి బతికే ఉంది, మంచం మీద లేచి కూర్చుని, ఎవరూ ముట్టకుండానే ఎట్లొచ్చె అని గుండె పట్టుకుంది. భువన ఆమె పక్కన చేరి, అవ్వా, ఆ రెండు కంప్యూటర్లూ ఈ పెద్ద కంప్యూటర్‌ను అడుగుతాయి, ఇది ప్రింటర్‌ను అడిగి చేయిస్తాది, ఇది పడుకుంటే ఎవరికీ పని కాదు అని చెప్పింది. తిమ్మమ్మ కాసేపు ఆలోచించి, అంటే ఇది పెద్దకోడలన్నమాట అంది. ఇల్లంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ శివకుమారి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ మహాదేవమ్మ భుజం మీద వాలిపోయింది.

తిమ్మమ్మ పోయాక అన్నదమ్ములకు పడలేదు. ఆమె ఉన్నప్పుడూ పడేది కాదు, ఆమె ముందు పడనట్టు కనిపించేవాళ్లు కాదు, అంతే. వీరభద్ర నేసిన చీరను దండెం మీద వేసి ఫోటోలు తీసి ఫోన్లో పెడతాడు, ఎవరో ఎక్కడి నుంచో అడుగుతారు, పంపిస్తాడు. మహాదేవమ్మ పెనిమిటి దేవేంద్రప్పకు అది నచ్చదు. నాయన కాలం నుంచి నమ్ముకున్న షావుకారును కాదని మొహం తెలియనివాళ్లకు చీర అమ్మడం ఏం వ్యాపారమని ఆయన, మొహం తెలిసినవాడే మొహం మీద ముంచుతున్నాడని తమ్ముడు. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమన్నారు. చివరికి వీధి పెద్ద సోమన్న వచ్చి కూర్చుని పంపకాలు చేశాడు. మగ్గాలు పంచారు, ఇత్తడి బిందెలు పంచారు, దూలాలు లెక్కబెట్టి ఇల్లు పంచారు. పంచడానికి వీల్లేనివి రెండు మిగిలాయి, చేనిలో బావి, పడసాలలో ప్రింటర్. అది మా బిడ్డ చదువుకు తెచ్చింది అని అన్న, అది లేకుంటే నా పని నడవదు అని తమ్ముడు. సోమన్న ప్రింటర్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. బావికి ఎట్లా వంతులో దీనికీ అట్లే వంతులు అన్నాడు, పొద్దున పెద్దోడిది, మాపున చిన్నోడిది. భువన నవ్వాపుకోలేక, పెద్దాయనా, దీనికి వంతులక్కర్లేదు, ఎవరెప్పుడు అడిగినా ఒకటి తర్వాత ఒకటి అదే వరస పెట్టుకుంటాది అంది. నీళ్లూ ఒకటి తర్వాత ఒక చేనికే పోతాయమ్మా, అయినా వంతు లేకుంటే పారలు లేస్తాయి అన్నాడాయన. గోడ కట్టే మేస్త్రీ ఆ ఒక్క ఇటుకా ఎందుకు పెట్టొద్దంటారని అడిగితే దానికీ సోమన్నే జవాబు చెప్పాడు, బావికి దోవ విడవమా అని.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటలు లేవు. మగవాళ్లకు మాటల్లేకపోతే వాళ్ల ఆడవాళ్లకూ ఉండకూడదన్నది ఈ వీధిలో ఎవరూ చెప్పని, అందరూ పాటించే పద్ధతి. మహాదేవమ్మకు శివకుమారితో ఏ తగువూ లేదు. వెతికినా దొరకలేదు. కనీసం ఒక తగువుంటే ఈ మూగనోముకు ఒక అర్థముండేదని చాలాసార్లు అనుకుంది. నీళ్ల ట్యాంకర్ దగ్గర ఇద్దరూ బిందెలతో నిలబడి, ఒకరు తూర్పు ఒకరు పడమర చూసుకునేవాళ్లు, పక్కన వీధిలోని ఉరుకుందమ్మ లాంటివాళ్లు ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాళ్లు. కానీ మాపటి వంతులో అలా కాదు. ప్రింటర్ ఉమ్మడి అని పెద్దమనిషే చెప్పాడు కదా, ఉమ్మడి పనికి చెయ్యి చాపితే ఎవరూ తప్పు పట్టలేరు. మొదటి రోజు అచ్చయి వచ్చింది ఒక అంచు డిజైన్, చదరాల చదరాల కాగితం మీద మామిడిపిందెలు. అందివ్వబోతూ చూస్తే పిందె తోక ఎత్తుగా లేచి ఉంది, అట్లా నేస్తే పక్క పిందెకు తగులుతుంది. మునుపైతే లోపలికి పోయి, కుమారీ, తోక కొంచెం దించు అనేది. ఇప్పుడు అనడానికి లేదు. పక్కన భువన వదిలేసిపోయిన పెన్సిల్ ఉంటే, పిందె చుట్టూ సున్న చుట్టి, తోక ఎంతవరకో గీత గీసి, కన్నంలో పెట్టింది. చెయ్యి వచ్చి తీసుకుంది. మరుసటి రోజు అదే అంచు మళ్లీ వచ్చింది, తోక దిగి ఉంది.

అప్పటి నుంచి కాగితాలు ఎక్కువయ్యాయి. ఒక అంచుకు ఒక కాగితం సరిపోయేచోట మూడు వచ్చేవి. పిందె ఎడమకు తిప్పి ఒకటి, కుడికి తిప్పి ఒకటి, తిప్పాల్నా వద్దా అన్నట్టు ఒకటి. మహాదేవమ్మ ఒకదాని మీద గీత గీసి, మిగతా రెండూ ఖాళీగా పంపేది. పని తప్ప మాటల్లేవు, కానీ ఆ పనిలో ఎన్ని మాటలు పడతాయో ఇద్దరికీ తెలుసు. చెయ్యి చూసి మనిషి కులాసా తెలుసుకోవడం కూడా అలవాటైంది. గాజులు మారితే పుట్టింటికి పోయొచ్చిందని, ఆలూరు జాతరలో వేసుకుందని, గోరింటాకు పండితే ఆషాఢమని. ఒకనాడు ఆ చేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. వేలికి ఏమైందని అడిగే దోవ లేక, ఆరోజు అచ్చయిన కాగితం మధ్యలో మందు గొట్టం ఒకటి చుట్టి పంపింది. నాలుగో రోజుకు గుడ్డ పోయింది, మచ్చ మిగిలింది. గొట్టం మాత్రం తిరిగి రాలేదు, వస్తే మహాదేవమ్మకు కష్టంగా ఉండేది.

ప్రింటర్ ఉన్నట్టుండి గరగరమంది. మహాదేవమ్మ గభాల్న ముందుకు వంగింది. లోపల ఏదో అటూ ఇటూ రెండుసార్లు పరిగెత్తి ఆగిపోయింది, కాగితం రాలేదు. అది అప్పుడప్పుడూ తన గొంతు తనే సవరించుకుంటుంది, ఎవరూ అడగకున్నా. ఆమె వెనక్కి జరిగి కూర్చుంది, తనమీద తనకే నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. దేవేంద్రప్ప మగ్గం గుంతలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని, ఆమె వెనకగా నడిచి బయట అరుగు మీదికి పోయాడు. పోతూ ప్రింటర్ వైపు చూడలేదు. ఆయన ఎప్పుడూ చూడడు. అవతలి వాళ్ల కాగితాల మీద పెళ్లాం పెన్సిల్ గీతలు గీస్తుందని ఆయనకు తెలుసో తెలియదో ఆమెకు తెలియదు. శివరాత్రి తర్వాత ఇద్దరూ మహానంది పోయారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో మెట్ల మీద కూర్చుంటే ముందు ఎవరో ఆడమనిషి, ఎక్కడి మనిషో, పిందెల అంచు చీర కట్టుకుని పిల్లవాడికి తల తుడుస్తోంది. తోక దిగిన పిందెలు. మహాదేవమ్మ ఇంకొంచెం ముందుకు వంగి చూసింది. అది నాది, అని చెప్పుకోవడానికి చుట్టూ చూస్తే పక్కన పెనిమిటి ఒక్కడే ఉన్నాడు, ఆయనకు చెప్పడానికి లేదు. ఆయనే చాలాసేపు ఆ అంచును చూసి, బాగా నేసినారు అన్నాడు. ఎవరు నేసింది తెలియకుండా అన్నాడా, తెలిసి అన్నాడా? తమ్ముడి చేతి నేత అన్నకు తెలియకపోవడమేమిటి. నేతగాడికి పక్క మగ్గం మీది చీర అంటే పక్కింటివాడి నడక లాంటిది, చీకట్లో కూడా తెలుస్తుంది.

అంతా బాగానే నడుస్తున్నదాన్ని అమావాస్య చెడగొట్టింది. అమావాస్యను అనడానికేముంది, అది నెలనెలా దాని వేళకు అది వస్తుంది. అమావాస్యనాడు మగ్గం ముట్టరు. పోగును అటూ ఇటూ విసిరే నాడె ఎత్తరు, గుంతలో కాలు పెట్టరు, చిమ్మి, నూనె వేసి వదిలేస్తారు. మనిషికి పండగలున్నాయి, మగ్గానికి నెలకు ఒక్క రోజన్నా నడుము వాల్చే పని లేదా అనేది తిమ్మమ్మ. ఈ కంప్యూటర్ ఇంటికి వచ్చిన నెలలోనే ఆమె అడిగింది, ఇది పనిముట్టేనా అని. పనిముట్టే అని భువన అంది. అయితే అమాసనాడు దీన్నీ ముట్టొద్దు అని తీర్పు చెప్పింది. భువన గునిసింది, మొహం ముడుచుకుంది, తర్వాత అలవాటు పడింది. అప్పటి నుంచి ఏ అమావాస్యనాడూ ఈ ఇంట్లో ప్రింటర్ పలకలేదు, గోడ లేచాక కూడా. శివకుమారీ ఏనాడూ ఆ రోజున కాగితం పంపలేదు. కాబట్టి పోయిన అమావాస్యనాడు మహాదేవమ్మ మాపటి వంతు సంగతే తలవలేదు. పెరట్లో ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుంది, తుమ్ములు తుమ్ముకుంటూ, నిమ్మళంగా.

గోడ అవతల ఆ పొద్దున నిమ్మళంగా లేదని ఆమెకు రెండు రోజుల తర్వాత భువన చెబితే తెలిసింది. ఎవరో హైదరాబాదు వాళ్లు కొత్త అంచు అడిగారు, వెంటనే కావాలన్నారు. డిజైన్ కాగితం చూసి మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు కొట్టిచ్చే మనిషి ఆ సాయంత్రం ఊరికి పోతున్నాడు, పోయేలోగా కాగితం చేతికిస్తే అట్టలు చేసుకొస్తానన్నాడు, లేదంటే పది రోజులదాకా తిరిగి రాడు. బజార్లో జిరాక్సు షాపు జోసెఫ్‌ది, అతనికి అమావాస్య పట్టింపు లేదు కానీ ఆ రోజు ఆదివారం, షాపు మూసుకుని చర్చికి, అక్కడి నుంచి అత్తగారింటికి పోయాడు. ఒక కొంపలో అమావాస్య, ఒక కొంపలో ఆదివారం, మధ్యలో వీరభద్ర. గోడ మీద తట్టి, వదినా, కొంచెం ఆన్ చెయ్యి అంటే సరిపోయేది. అనలేదు. శివకుమారి నోరు తెరిచి అక్కా అని ఒక్క కేక వేసినా సరిపోయేది. మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, వేయలేదు. అట్టల మనిషి పోయాడు, ఆ పని వేరేవాళ్లకు పోయింది.

మరుసటి పొద్దున మహాదేవమ్మ మామూలుగా అన్నీ ఆన్ చేసింది. అవతల కూడా ఆన్ చేసినట్టున్నారు, ప్రింటర్ మొదలుపెట్టింది. ఒక కాగితం, రుద్రాక్షల అంచు. ఇంకొకటి, అదే అంచు. ఇంకొకటి. అదే, అదే, అదే, పళ్లెంలో కాగితాలు అయిపోయేదాకా అదే. ఒక్కసారి పంపితే ఒక్కటి రావాలి. నిన్నంతా ఎవరో కూర్చుని నొక్కుతూనే ఉన్నారు, రాలేదని మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు. ఆ నొక్కిన వేలు ఏదో, దాని మీది మచ్చ ఎలా ఉంటుందో మహాదేవమ్మకు తెలుసు. కాగితాలన్నీ సర్ది కన్నంలో పెట్టింది. చెయ్యి రాలేదు. పొద్దు తిరిగినా అవి అట్లాగే, సగం ఇవతల సగం అవతల ఉండిపోయాయి. ఎప్పుడో ఆమె వంటింట్లో ఉన్నప్పుడు ఎవరో లాక్కున్నారు, శివకుమారో, వీరభద్రో. ఆనాటి నుంచి మాపటి వంతులో ఒక్క కాగితమూ రాలేదు. అయినా మహాదేవమ్మ వంతు తప్పకుండా ఆన్ చేసి కూర్చుంటూనే ఉంది, మౌస్ కదుపుతూనే ఉంది.

ఇవాళ ఆమెకు కావలసింది ఒకటే. కొత్త ప్రింటర్ రాకముందు ఒక్క కాగితం రావాలి. ఖాళీ కాగితమైనా సరే. వస్తే ఏం చేస్తుందో కూడా అనుకుని పెట్టుకుంది, ఈసారి పెన్సిల్ తీయదు, కన్నంలో చెయ్యి పెట్టి ఆ చెయ్యి పట్టుకుంటుంది, ఏమైనా కానీ. అసలు కొత్త ప్రింటర్ కావాలని అడిగింది ఎవరు? వీరభద్ర అడిగి ఉంటే అది మగవాడి రోషం, అర్థం చేసుకోవచ్చు. శివకుమారే అడిగి ఉంటే? ఆ ఆలోచన దగ్గరికి పోయి పోయి వెనక్కి వస్తోంది ఆమె. పెళ్లయి వచ్చిన కొత్తలో శివకుమారికి పోగు చుట్టే ఆసు తిప్పడం కూడా రాదు, వాళ్లు సేద్యగాళ్లు. ఆలూరు పక్క మెట్టచేలలో పెరిగిన పిల్ల, మగ్గం చప్పుడుకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పోగూ చూపించింది మహాదేవమ్మే. మూడేళ్లకు ఆ పిల్లే కంప్యూటర్‌లో చదరాలు గీసి, అక్కా, ఇది నేస్తే ఎట్లుంటాది చెప్పు అని ఈమెను పక్కన కూర్చోబెట్టుకుంది. అటువంటిది, ఇంక నీ అవసరం లేదు అని అనుకోగలదా? అనుకోగలదు. ఎవరైనా అనుకోగలరు. అవసరం తీరిపోయాక మిగిలే ప్రేమ ఎంతో తూచి చూసినవాళ్లు లేరు, తూస్తే తేలేది తక్కువేనని భయపడి తూయరు. మహాదేవమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చీరముక్కతో తుడుచుకుంది, దాన్నే మళ్లీ మడిచింది.

బస్సు హారన్ వినిపించింది. కర్నూలు బస్సే, ఆ డ్రైవరు మలుపు దగ్గర పొడుగ్గా కొడతాడు. కొంతసేపటికి ఆటో వచ్చి పక్క గుమ్మం ముందు ఆగింది. వీరభద్ర గొంతు, పెట్టె తిరగేయొద్దని ఆటోవాడికి చెప్పడం. కన్నంలోంచి అన్నీ వినిపిస్తున్నాయి, ఆమె వినకుండా ఉండలేకపోయింది. టేపు చించిన చప్పుడు. తెల్లటి బెండు ఒకదానికొకటి రాసుకుని కీచుమన్న చప్పుడు. ప్లాస్టిక్ సంచి, అట్టపెట్టె, బల్ల జరపడం. శివకుమారి ఒకటి రెండు మాటలు అంది, ఏమందో తెలియలేదు. ఇవతల ప్రింటర్ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది, కాగితాలు పళ్లెంలో ఉన్నాయి. రాలేదు. ఇంక రాదు. కొత్తది ఇప్పుడు గరగరమంటుంది, అదీ వినాలి కాబోలు. మహాదేవమ్మ చెవులు మూసుకోవాలనుకుని మూసుకోలేదు, అట్లాగే కూర్చుంది. అవతల చప్పుడు ఆగిపోయింది. కొత్తది గరగరమనలేదు. ఏదో చెడిందేమో అనుకుంది, చెడితే బాగుండునని అనుకుంది, అట్లా అనుకున్నందుకు దేవుడికి మనసులోనే చెంపలు వేసుకుంది. తెర నల్లబడింది. మౌస్ కదపలేదు. ఆ నల్ల తెరలో తన మొహం, వెనక వాకిలి కనిపిస్తున్నాయి. వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నారు.

వెనక్కి తిరిగితే శివకుమారి. చెయ్యి ఒక్కటే కాదు, మనిషంతా. కొంచెం చిక్కింది, కళ్ల కింద నలుపు వచ్చింది. దేవేంద్రప్ప అరుగు మీద కూర్చుని ఉండగానే ఆయన్ను దాటుకుని వచ్చింది, ఆ ధైర్యానికి ఇంకా రొప్పుతోంది.

"అక్కా," అంది శివకుమారి, "ఇంట్లోకి కొత్త సామాను వచ్చింది. నువ్వు వచ్చి బొట్టు పెట్టాల."

కొత్త మగ్గం వచ్చినా, కొత్త రాట్నం వచ్చినా ఇంటికి పెద్దది పసుపు కుంకుమ పెట్టకుండా పని మొదలుపెట్టరు. తిమ్మమ్మ ఉన్నన్నాళ్లు తిమ్మమ్మ పెట్టింది. తిమ్మమ్మ పోయాక ఈ ఇంట్లోకి కొత్త పనిముట్టు ఏదీ రాలేదు, ఇదే మొదలు. పెద్దది ఎవరన్న మాట పంపకాల్లో సోమన్నకు గుర్తు రాలేదు, ఎవరికీ గుర్తు రాలేదు.

"పిల్చుకొని రమ్మని మీ ఆయప్ప చెప్పినాడా?" అంది మహాదేవమ్మ.

"నోరు తెరిచి చెప్పలేదు. పెట్టె ఇప్పినాడు, వైరు తగిలిచ్చినాడు, సుచ్చి మీద ఏలు పెట్టుకొని కూచున్నాడు. ఏస్తాలేవెందుకని అడిగినా. వదిన రావద్దా, అన్నాడు." శివకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను అడగలేదక్కా ఈ ప్రింటర్‌ను. నీమీదొట్టు."

"ఒట్టెందుకులే," అంది మహాదేవమ్మ. అడగకుండానే ఆమెకు జవాబు అందింది. లేచి, దేవుడి గూట్లోంచి పసుపు కుంకుమ తీసుకుంది, తల దువ్వుకోలేదు, చీర మార్చుకోలేదు, మారిస్తే ఆలస్యమవుతుంది. తోడికోడలి వెంట వాకిలి దాటింది.

అరుగు మీద దేవేంద్రప్ప మెట్టుకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముందు పోయిన మరదలి వైపు చూడలేదు. పెళ్లాం చేతిలో ఉన్నది చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు చెప్పకుండా ఆమె గడప దాటి ఎక్కడికీ పోయింది లేదు, ఇవాళా అడిగితే చెబుతుంది, కాదంటే మాత్రం ఆగదు. అది ఆమె మొహం మీదే ఉన్నట్టుంది.

"యాడికి?" అన్నాడు.

"ఇంట్లోకి," అంది మహాదేవమ్మ.

ఆయన కాళ్లు దగ్గరికి ముడుచుకుని దారి ఇచ్చాడు.